వెళ్ళొస్తానని అనకూడదు

నిప్పులు చల్లారకముందే కాలరు పని అయిపోవాలి. ఇస్త్రీ తాత పెట్టెను తడిగుడ్డకు ఒకసారి ఆనించి, చుయ్యిమన్న చప్పుడు విని తల ఊపాడు. కాలరును కొసల నుంచి మధ్యకు లాగాలి. మధ్య నుంచి తోస్తే కొసలో ముడత చేరి కుక్క చెవిలా వాలిపోతుంది. జైలుకు రాకముందు అతనికి పార పట్టడం తప్ప ఏదీ చేతకాదు. గట్టు తగాదాలో ఆ పార కామతోనే సొంత తమ్ముణ్ణి ఒక దెబ్బ కొట్టాడు. రెండో దెబ్బ అవసరం లేకపోయింది. తర్వాత చేతికి ఇస్త్రీపెట్టె వచ్చింది. తల నెరిసింది. అసలు పేరు అరిగిపోయి తాత అన్న పిలుపు మిగిలింది.

ఇవాళ తాతకు విడుదల. చొక్కా మాత్రం పేపరాయనది.

పేపర్లు ఆయనకు నల్లత్రాచు అని పేరు పెట్టాయి. లోపలివాళ్ళు పేపరాయన అన్నారు. పూటకో కోడిని తింటాడని పేపర్లు రాశాయి. ఆయన అజీర్తితో పాలల్లో రొట్టె నానబెట్టుకు తింటాడు. గదిలో కసరత్తు చేస్తాడని రాశాయి. నడుంనొప్పితో బకెట్టు ఎత్తలేడు. బల్లి కనిపిస్తే గోడకు దూరంగా కూర్చుని తెల్లవార్లూ దాన్నే చూస్తుంటాడు. హత్యల సంగతి మాత్రం ఎవరూ కల్పించి రాయలేదు. కోర్టు వాయిదా ఉన్నప్పుడల్లా ఆయనకు తెల్ల చొక్కా కావాలి. కెమెరాలో తెలుపు బాగా పడుతుందట.

జమేదారు గుమ్మంలోంచే కేకేశాడు. "అయిందా తాతా? కెమెరాలు పెళ్ళివారిలా దిగాయి. నువ్వూ, పెళ్ళికొడుకూ ఒకేసారి గేటు దాటాలి."

పెట్టె ఆగింది. కాలకముందే తాత దాన్ని పక్కకు తీశాడు.

"నన్ను సాయంత్రం పంపండి బాబూ."

"లోపలే ఉంచమని బతిమాలేవాణ్ణి నిన్నే చూస్తున్నా. సంతకం పడ్డాక ఉంచితే నా ఉద్యోగం ఊడుతుంది."

"పోనీ వెనక గేటు నుంచి?"

"అటు నుంచి పోయేవాళ్ళు నడిచి పోరు తాతా."

కిందటిసారి చూడ్డానికి వచ్చినప్పుడు కూతురు ఇనప జాలీ అవతల నిలబడి మెల్లగా చెప్పింది. "నాన్నా, నువ్వు పరాయి దేశంలో పనికి పోయావని మావాళ్ళకు చెప్పాను. బుజ్జిదానికీ అదే చెప్పాను. మా అత్త పొద్దస్తమానం టీవీ ముందే. ఈ గేటు ముందు కుక్క కదిలినా చూపిస్తున్నారు. నీ మొహం అందులో పడిందంటే నిన్నిక ఇంటికి తీసుకుపోలేను." ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది అనిపించింది తాతకు. ఇవాళ వీధి చివర బస్టాపులో పిల్లతో నిలబడి ఉంటుంది.

తాత చొక్కా పట్టుకుని పేపరాయన గదికి వెళ్ళాడు. అక్కడ అద్దం ఉంచరు. తాతే అద్దం.

"కాలరు ఎలా ఉంది?"

"కత్తిలా ఉంది బాబూ."

"ఆ మాట బయట అనకు. రేపు హెడ్డింగ్ అవుతుంది."

తాత నవ్వలేదు. నవ్వకపోయేసరికి పేపరాయన ఏంటని అడిగాడు. అడిగిన పాపానికి తాత ఉన్నదంతా చెప్పేశాడు.

"నా మొహం పడాలని నేను చస్తుంటే, నీ మొహం పడకూడదని నువ్వు చస్తున్నావా," అని పేపరాయన నవ్వి, గుండీలు పెట్టుకోసాగాడు. ఆఖరి గుండీ దగ్గర అడిగాడు. "మనవరాలు నిన్ను ఎప్పుడైనా చూసిందా?"

"లేదు బాబూ. సరే మరి, వెళ్ళొస్తా."

ఆ వరసలో గదులన్నీ ఒక్కసారి చప్పబడ్డాయి.

బయట ఎవరైనా వెళ్ళొస్తాననే అంటారు. పోతున్నానంటే కీడు. లోపల అది తిరగబడింది. విడుదలైనవాడు పోతున్నాననే అనాలి. వెళ్ళొస్తానన్నవాడు మళ్ళీ వచ్చి తీరుతాడని అందరి నమ్మకం. నోరు జారినవాణ్ణి కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, మాట మార్పిస్తారు.

"కూర్చో," అన్నాడు పేపరాయన. చెంబు తనే అందించాడు. "ఇప్పుడు చెప్పు."

తాత నీళ్ళు తాగాడు. పోలీసులు పట్టుకుపోయిన నాడు పెళ్ళానికి పోతున్నాననే చెప్పాడు. ఆమె అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టేలోపే అది కిందపడిపోయింది. మళ్ళీ ఆమెను చూడలేదు. ఆమె పోయిందన్న కబురు మాత్రం వచ్చింది.

"చెప్పవయ్యా ముసలోడా, బస్సు పోతుంది," అన్నారెవరో పక్క గదిలోంచి.

"పోతున్నా," అన్నాడు తాత, చేదు మింగినవాడిలా.

"ఆఁ. గేటు దాటాక నువ్వు కుడివైపు పో," అన్నాడు పేపరాయన. "ఎడమవైపు చూడకు."

గేటు తెరుచుకోగానే ఎండా, అరుపులూ కలిసి మీదపడ్డాయి. వ్యాను ఎదురుగానే ఉంది. పేపరాయన ఎప్పటిలాగే చెయ్యెత్తి నవ్వాడు. వ్యాను ఎక్కలేదు. ఎడమవైపు తిరిగి, తీరుబడిగా, సంతకు పోయేవాడిలా నడిచాడు. పోలీసులు ఎగబడ్డారు. వాళ్ళ వెనక మైకులు, కెమెరాలు వరదలా అటు కొట్టుకుపోయాయి. తాత గోడవారగా కుడికి జారి, మూసిన కొట్టు స్తంభం చాటున నిలబడ్డాడు. చూడవద్దన్న వైపే చూశాడు. పేపరాయనను నేలకు అదిమారు. మోకాలు వీపు మీద, మొహం దుమ్ములో. కాలరు చిరిగి ఒకరి చేతిలోకి వచ్చింది. ఆయన నడుం సంగతి అక్కడ ఎవరికీ తెలియదు.

ఎత్తి వ్యానులో పడేశారు. వ్యాను వెనక కార్లు దుమ్ము లేపుకుంటూ పోయాయి.

వెనకబడిన ఒక విలేకరి పిల్ల మైకు సవరించుకుంటూ స్తంభం దగ్గరికి వచ్చింది. ఆమెతో వచ్చిన మనిషి కెమెరాను ఇంకా భుజానికి ఎత్తుకోలేదు. దుమ్ము తుడుస్తున్నాడు.

"తాతగారూ, మీరు ఇక్కడే ఉన్నారుగా? నిజంగానే పారిపోబోయాడా?"

తాత వీధి చివరకు చూశాడు. బస్టాపులో కూతురు మొహం అటు తిప్పుకుని నిలబడి ఉంది. పక్కనున్న పిల్ల మాత్రం ఇటే చూస్తోంది. నోటిదాకా వచ్చిన నిజాన్ని తాత నమిలి మింగాడు.

"నేను చూడలేదమ్మా. బస్సు కోసం పోతున్నా."

ఆమె అవతలికి పోయింది. పారిపోబోయి పట్టుబడ్డ నల్లత్రాచు అని ఆమె గొంతు మొదలయ్యేసరికి తాత రోడ్డు మీదికి వచ్చాడు. నడిరోడ్డున, పెనుగులాటలో ఊడిన ఒక కాలి చెప్పు బోర్లాపడి ఉంది. మడమ దగ్గర లోతుగా అరిగింది. నడుంనొప్పి ఉన్నవాడి అరుగుదల. తాత వంగి దాన్ని తిరగేసి, చక్రాలు తొక్కకుండా గోడవారన పెట్టి, తనకేసే చూస్తున్న పిల్ల వైపు నడిచాడు.

చెప్పు గేటు వైపు ముఖం పెట్టి అక్కడే ఉండిపోయింది.