పానకం పేజీ

నేను ఒక ఆడిట్ పుస్తకాన్ని. సీఏ ఇంటర్ చదివే పిల్లలు నన్ను ముద్దుగా 'ఇటుక' అంటారు. ముద్దుగానే అంటారని నా నమ్మకం, దాన్ని మీరు చెడగొట్టకండి. నాలో ఉన్నదంతా ఇంగ్లీషే అయినా పుట్టిందీ పెరిగిందీ బెజవాడ కాబట్టి, మనసులో అనుకునేదంతా తెలుగులోనే అనుకుంటాను.

గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో పుట్టాను. మంచం దుప్పటంత కాగితాల మీద, కొన్ని పేజీలు నిటారుగా, కొన్ని తలకిందులుగా నన్ను అచ్చు వేశారు. మడతలు పెట్టి, వరస కలిపి, వీపుకి వేడి జిగురు పూసి, అట్ట అంటించి, మూడు వైపులా కోశారు. మొదటిసారి నన్ను చేతుల్లోకి ఎత్తుకున్న బైండరు "అబ్బ, ఏం బరువురా బాబూ" అన్నాడు. తర్వాత నన్ను ఎత్తిన ప్రతివాళ్లూ అదే మాట అన్నారు. చాలాకాలం వరకు అది నా పేరే అనుకున్నాను.

నన్ను కొత్తగా కొన్నవాడు శశాంక్ అనే కుర్రాడు. మొదటి పేజీలో అందంగా సంతకం చేశాడు, ఫోటో తీసి స్నేహితులకు పంపాడు, నా మీద కాఫీ కప్పు పెట్టాడు. ఆ తర్వాత ఫోనులో పాఠాలు రెట్టింపు వేగంతో వింటూ నన్ను మరిచిపోయాడు. మాస్టారు గుక్కతిప్పుకోకుండా పరిగెడుతుంటే ఈయన చపాతీ తింటూ తలాడించేవాడు. పరీక్ష ఏమైందో నాకు తెలియదు. గది ఖాళీ చేస్తూ నన్ను ఏలూరు రోడ్డులో పాతపుస్తకాల కొట్టుకి అప్పగించాడు.

అక్కడికి వచ్చింది ఉదయశ్రీ. మంగళగిరి పిల్ల. నాన్న మగ్గం నేస్తాడు, అమ్మ కండెలు చుడుతుంది. ఉదయ సీఏ ఇంటర్ రెండుసార్లు రాసింది, రెండుసార్లూ పోయింది. ఈసారే చివరిసారని ఇంట్లో మాట అనుకున్నారు. పోతే గుంటూరులో ఒక బట్టల షాపులో లెక్కలు రాసే పని సిద్ధంగా ఉంది. అది చెడ్డ పనేం కాదు, కానీ ఆ షాపు పేరెత్తితే చాలు, ఆ పిల్ల అక్కణ్ణుంచి లేచిపోయేది.

"పాతదమ్మా ఇది, ఎడిషన్ మారింది," అన్నాడు కొట్టాయన.

"ఎంత మారిందండీ?"

"నాకేం తెలుసమ్మా. నాకు తెలిసింది దీని బరువే."

ఆమె నన్ను తెరిచి, పేజీ మీద అరచెయ్యి పెట్టి, కాసేపు అలాగే నిలబడింది. స్క్రీను మీద చదివిందంతా పైకి జరిగిపోయి ఎటు పోతోందో ఆమెకు అంతు చిక్కడం లేదు. నేనైతే ఎక్కడికీ పోను. ఆ ఒక్క గుణానికే నన్ను కొనుక్కుంది.

హాస్టల్లో ఆమె గదిలో ఉండేది ఫర్హానా. వించిపేట అమ్మాయి, ఊళ్లోనే ఇల్లున్నా అదే పరీక్షకి చదవడానికి హాస్టల్లో చేరింది. నోరు చురుకు, మనసు వెన్న. ఆమె చదువంతా ఒక ట్యాబులో ఉండేది. నన్ను చూడగానే, "ఇదేంటే, చదవడానికా, తలుపు గాలికి కొట్టుకోకుండా పెట్టడానికా?" అంది. ఆ ట్యాబుకీ నాకూ మొదటిరోజు నుంచే సవతిపోరు. దాని నడుము వేలిమందం, నాది చెప్పుకోకపోవడం మంచిది. అయితే రోజుకొకసారి దానికి గోడలోంచి తిండి పెట్టాలి, నాకు ఆ బాధ లేదు. కానీ నిజం చెప్పాలి కదా. మారిన నిబంధన ఏదైనా సరే, పొద్దున వస్తే సాయంత్రానికి దానికి తెలిసిపోయేది. నాకు తెలిసిందల్లా నేను అచ్చయిన రోజు వరకే.

ఒక ఆదివారం ఉదయ వాళ్లమ్మ వచ్చింది. మంగళగిరి కొండెక్కి, నరసింహస్వామి నోట పానకం పోయించి, మిగిలింది సీసాలో పట్టుకొచ్చింది. ఎంత పోసినా స్వామి సగమే తాగి సగం మనకు వదిలేస్తాడని ఆ ఊరివాళ్ల నమ్మకం. ఆ మిగిలిన సగంలో సగం నేను తాగాను. సీసా మూత వదులుగా ఉంది, ఉదయ దాన్ని తెచ్చి నేనున్న సంచిలోనే పెట్టింది. కొండమీద అంత బెల్లం ఒలికినా చీమలు రావంటారు. నా దగ్గరికి మాత్రం ఊళ్లో చీమలన్నీ బారులు తీరి వచ్చాయి.

ఉదయ నన్ను డాబా మీద ఎండబెట్టి, పేజీలు ఒక్కొక్కటీ ఓపిగ్గా విడదీసింది. విడదీయగా ఎదురెదురు పేజీలు రెండు అతుక్కునే ఉండిపోయాయి. వాటిని ఒకే కాగితం అనుకుని తిప్పేసింది.

అసలు కథ అక్కడే ఉంది. అది 'గోయింగ్ కన్సర్న్' పాఠం. వ్యాపారం ఇకముందు కూడా నడుస్తుందా, లేదా అన్న సంగతి. కంపెనీ కష్టంలో ఉండి, ఆ కష్టాన్ని దాచకుండా తన లెక్కల్లో సరిగ్గా చెప్పుకుంటే, ఆడిటరు దాన్ని తప్పు పట్టకూడదు. చదివేవాళ్లు గమనించేలా రిపోర్టులో విడిగా ఒక శీర్షిక పెడితే చాలు. ఇదంతా అతుక్కుపోయిన పేజీల్లో ఉంది. వాటి ముందు పేజీ 'కష్టం ఉన్నట్టు కంపెనీ చెప్పుకుంటే' అన్న దగ్గర ఆగింది. వాటి తర్వాతి పేజీ 'ఆడిటరు అడ్వర్స్ ఒపీనియన్ ఇవ్వాలి' అని మొదలైంది. అంటే, ఈ లెక్కలు నమ్మొద్దని రాసెయ్యడం. రెండూ వరసగా చదివితే వాక్యం అతుకు కూడా కనపడకుండా కలిసిపోయింది. ఉదయ దాన్నే కంఠతా పట్టింది. కష్టం చెప్పుకున్నవాడికి శిక్ష అని నేర్చుకుంది.

పరీక్షలు దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం మెస్సులో కూర్చుని ఫర్హానా ట్యాబు చూసి ప్రశ్నలు అడుగుతోంది. ఉదయ గడగడా అప్పజెప్పింది. ఫర్హానా చెయ్యి ఆగింది.

"మళ్లీ చెప్పు."

మళ్లీ అదే చెప్పింది.

"అలా లేదే ఇక్కడ. చెప్పుకుంటే అడ్వర్స్ ఎందుకిస్తారే? దాచిపెడితే కదా గొడవ."

"పుస్తకంలో అలాగే ఉంది. కావాలంటే చూడు."

ఇద్దరూ నా మీద వంగారు. ఫర్హానా పేజీ నంబర్లు చూసింది, కాగితాన్ని వేళ్లమధ్య నలిపి మందం చూసింది, వాసన చూసింది. "బెల్లం," అంది. తర్వాత నన్ను ఇడ్లీ పాత్ర ఆవిరి మీద పట్టుకుని, స్కేలు అంచుతో చంటిపిల్ల కళ్లు తుడిచినంత మెల్లగా విడదీశారు. విడిపోయాను కానీ, కొన్ని వాక్యాలు చెరిగిపోయాయి. ఫర్హానా ట్యాబులోంచి ఆ వాక్యాలు పైకి చదివింది, ఉదయ నీలం ఇంకుతో నా మీద రాసుకుంది. నేను పోగొట్టుకున్న మాటల్ని నా సవతే నాకు తిరిగి ఇచ్చింది. ఆ రోజు నుంచి దాని మీద నాకు కోపం లేదు.

"పానకంలో పుడక విన్నాం గానీ, పానకంలో పాఠం ఇదేనే చూడ్డం," అంది ఫర్హానా.

ఉదయ నవ్వలేదు. "ఇలాంటివి ఇంకెన్ని తప్పుగా నేర్చుకున్నానో," అంది. ఆ పేజీనే మళ్లీ మళ్లీ చదివి, ఫోను తీసి ఇంటికి చేసింది. అప్పటిదాకా అడిగినప్పుడల్లా 'బానే చదువుతున్నా' అనే చెప్పేది.

"అమ్మా, బాగా లేదే. భయంగా ఉంది. మళ్లీ పోతుందేమో."

అవతల కండె తిరగడం ఆగింది. "భయమైతే భయమని ముందే చెప్పొద్దుటే? ఒక్కదానివే లోపల పెట్టుకుని ఎంతకని మోస్తావ్. నువ్వు రాయి. నాన్నతో నేను మాట్లాడతాలే."

ఆ పిల్ల నా మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చింది. పానకం తాగిన పేజీలకు ఆ కన్నీళ్లు ఒక లెక్క కాదు. ఆ సాయంత్రం నుంచి ఇద్దరూ నన్నూ ట్యాబునీ పక్కపక్కన పెట్టుకుని, మారిన ప్రతి నిబంధననూ చీటీల మీద రాసి నాకు అంటించారు. నేను ఇంకాస్త లావెక్కాను.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. హాల్లోకి నన్ను రానివ్వరు, బయట సంచిలో ఉన్నాను. నన్ను వెనక్కి తీసుకునేటప్పుడు ఉదయ అన్న మాట విన్నాను. "ప్రశ్న చదవగానే పేజీ కళ్లముందుకు వచ్చేసిందే. కింద మూల మరక, పక్కన నీలం ఇంకు."

"నాకూ ఆ మరకే కనపడింది," అంది ఫర్హానా. "నా ట్యాబులో ఆ పేజీ ఎలా ఉంటుందో తలుచుకుంటే ఒట్టు, గుర్తే రాలా."

ఉదయ గట్టెక్కింది. ఫలితం చెప్పడానికి ఇంటికి ఫోను చేస్తే వాళ్ల నాన్న "అన్నం తిన్నావా" అని మాత్రం అడిగాడు. ఫర్హానాకు ఆడిట్‌లో పాసు మార్కులు వచ్చాయి. కాస్టింగ్ పేపరు ముంచేసింది. ఒక పేపరు పోతే దానితో కలిసిన పేపర్లన్నీ, అంటే ఆ గ్రూపు మొత్తం, మళ్లీ రాయాలి. అంత నోరున్న పిల్లా రెండు రోజులు ఎవరడిగినా 'ఏం పర్లేదు' అంటూ తిరిగింది. మూడో రోజు ఉదయ పెట్టె సర్దుకుంటుంటే, "నాకు కష్టంగా ఉందే," అని ఒక్క మాట అంది. ఉదయ సర్దడం ఆపి, పెట్టెలోంచి నన్ను తీసి ఆమె ఒళ్లో పెట్టింది.

తలుపుకి అడ్డం పెట్టడానికా అని వెక్కిరించిన పిల్ల నన్ను పేజీ పేజీ ఫోటో తీసింది, మరకలతో, చీటీలతో, నీలం ఇంకుతో సహా. అవన్నీ ట్యాబులోకి ఎక్కించి జూనియర్లకు కూడా పంపింది. రాజాం నుంచి ఒక అమ్మాయి, "అక్కా, ఆ మరక లేకుండా శుభ్రంగా ఉన్న పేజీ పంపుతారా?" అని అడిగితే, "మరక తీస్తే ఆన్సర్ కూడా పోద్దమ్మా, అలాగే చదువు," అని జవాబిచ్చింది. ఇప్పుడు నన్ను ఎప్పుడూ తాకని పిల్లలు కూడా 'పానకం పేజీ చూశావా' అని ఒకరినొకరు అడుగుతున్నారట.

మొన్న ఉదయ ఫోను చేసింది. "ఆ పుస్తకం ఏం చేశావే? తూకానికి వేసేశావా?"

"లేదు," అంది ఫర్హానా. "ఆనుకోవడానికి ఉంచుకున్నా."

నిజమే. ఆమె బల్ల మీద ట్యాబు నా వీపుకి ఆనుకుని నిలబడుతోంది. అందులో ఒక్కోసారి నా పేజీలే వెలుగుతుంటాయి. జీవితమంతా అందరూ విసుక్కున్న నా బరువే అది పడిపోకుండా ఆపుతోంది. నేను పాత ఎడిషన్ని. ఆ సంగతి దాచలేదు, పాతపుస్తకాల కొట్టు దగ్గరే మీకు చెప్పేశాను. అలా చెప్పుకున్నవాళ్ల గురించి ఏం రాయాలో పానకం పేజీలో ఉంది, చూసుకోండి.