పౌడరు పూసిన చేతులు

తీసిన మూతను గట్టు మీద బోర్లా పెట్టాలా, వెల్లకిలా పెట్టాలా అన్న దగ్గర ఆ ఆదివారం పొద్దున్నే పేచీ మొదలైంది.

"ముప్ఫై ఆరేళ్లు వార్డులో చేశాను. మూత లోపలివైపు దేనికీ తగలకూడదని నాకు తెలీదా?" అంది సిస్టరమ్మ. ఉద్యోగం వదిలి పదిహేనేళ్లయినా వీధి వీధంతా ఆమెను పిలిచేది అలాగే.

"ఇది వార్డు కాదత్తయ్యా, వంటిల్లు. గిన్నెలకి జ్వరాలు రావు," అంది కోడలు.

మరో రోజైతే సిస్టరమ్మ నవ్వేసేది. ఇవాళ మూతను టంగుమని పడేసి వరండాలోకి వెళ్లిపోయింది. ఆమె దిగులు మూత గురించి కాదు. మర్నాడు మనవరాలి నర్సింగు కాలేజీలో ఒక పాత యుద్ధం సినిమా వేస్తున్నారు. గోడలకు అంటించిన కాగితం ఒకటి పిల్ల ఇంటికీ తెచ్చింది: "డేరా ఆసుపత్రిలో నర్సులందరివీ పాలరంగు ముఖాలే. నల్లని ముఖం ఒకే ఒక్కటి. ఆమె సోమవారం మన మధ్యకు వస్తున్నారు."

ఆ నల్లని ముఖం సిస్టరమ్మదని అందరి నమ్మకం. కానీ అది సినిమాలో లేదు. ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో సినిమావాళ్లు ఆసుపత్రికి వచ్చి నర్సులను వరసలో నిలబెట్టారు. మేకప్ మనిషి ఒక్కొక్కరి ముఖం మీద లైటు వేసి చూశాడు. ఈమె దగ్గరికొచ్చేసరికి లైటు దించేసి, "నువ్వు పక్కకి నిలబడమ్మా," అన్నాడు. తీరా కథానాయిక కట్టు కడితే అది సైనికుడి మోచేతి నుంచి జారి మణికట్టు దగ్గర కుప్పపడింది. ఒకసారి కాదు, ఏడుసార్లు. చుట్టుచుట్టుకీ మడత తిప్పి కట్టడం ఎవరికి బాగా వచ్చని అడిగితే హెడ్ సిస్టరు ఈమెను చూపించింది. మోచేతుల దాకా మూడు పూతలు పౌడరు పట్టించి చేతులు మాత్రమే తీశారు. తెర మీద అవి కథానాయిక చేతులు.

"సినిమాలో చేశాను" అని ఇంట్లో అన్నది అంతే. మిగతాది ఇంటివాళ్లే అల్లుకున్నారు. రీళ్లు పోయాయని విన్నాక ఆమె కాదనలేదు. యాభై ఏళ్ల తర్వాత ఎవరో వాటిని వెతికి తీస్తారని ఎవరు కలగన్నారు?

"నాయనమ్మా, ఎన్నో నిమిషంలో వస్తావు?" మనవరాలు పరుగున వచ్చి అడిగింది. "మా క్లాసులో నల్లపిల్లలమంతా ముందు వరసలో కూర్చుంటున్నాం, నిన్ను చూడ్డానికి."

"ఒంట్లో బాగాలేదే," అంది. అలవాటు కొద్దీ తన నాడి తనే పట్టుకుని చూసుకుంది. నూట ఎనిమిది. అబద్ధమేమీ కాదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. "రేపట్నుంచి మా అమ్మతో మాట్లాడాలంటే టికెట్టు కొనాలి," అన్నాడు కొడుకు. అందరూ నవ్వారు. సిస్టరమ్మ కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసింది.

"సినిమాకి ముందు మైకు నాకివ్వమని చెప్పు," అంది మనవరాలితో.

"ఎందుకు?"

"అందులో నా ముఖం లేదు. చేతులున్నాయి. అవీ పౌడరు పూసినవి."

పిల్ల కంచం పక్కకు జరిపింది. "అందరికీ చెప్పేశాను నాయనమ్మా... నా పరువేం కాను?"

"పోయేది నా పరువే, నువ్వు విన్నదే చెప్పావు. నీ ముందు వరస పిల్లలు సినిమా అంతా నన్ను వెతుక్కుని ఉత్తినే ఇంటికి పోకూడదు. ఎందుకు లేనో నా నోటితోనే చెబుతాను. మీరెవరూ తోడు రాకపోయినా సరే, బస్సెక్కి వెళ్తాను."