గురవమ్మ లేదన్న కంప్యూటర్

పదహారేళ్ళ సర్వీసులో ఖాజా మొహిద్దీన్ చేయని పని లేదు. మాచర్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మెకానిక్ అతను. స్తంభాలెక్కాడు, తెగిన తీగలు కలిపాడు, రిసీవర్లలో దూరిన చీమలను దులిపాడు. ఊళ్ళో పెద్దమనుషుల ఇళ్ళలో ఫోను మోగకపోతే అది తన తప్పేనని ఎన్నోసార్లు ఒప్పుకున్నాడు. కానీ ప్రభుత్వం కోసం ఇద్దరు మనుషులను పోట్లాడించమని మాత్రం 1987 మార్చి దాకా అతన్ని ఎవరూ అడగలేదు.

అడిగినవాడు ఆదినారాయణ. పట్టుమని ముప్పై ఏళ్ళు లేని ఇంజినీరు. హైదరాబాదు నుంచి జీపులో వచ్చాడు. ఆ జీపులోనే రెండు బొంతల మధ్య, అతని కన్నా సుఖంగా ఒక కంప్యూటర్ వచ్చింది. దాన్ని ఎక్స్ఛేంజిలో బల్ల మీద పెట్టి, దగ్గర్లోని నడికుడికి పోయే లైనుకు తగిలించి, ఆ పూటంతా ఖాజాకు సంగతి వివరించాడు.

ఫోన్‌లో మనం మాట్లాడిన మాట అవతలి కొసన తగిలి కొంత వెనక్కి వస్తుందట. దగ్గర ఊళ్ళకు మాట్లాడితే అది తెలియదు. ఉపగ్రహం మీదుగా దూరదేశాలకు మాట్లాడితే మాత్రం అర సెకను ఆలస్యంగా వచ్చి చెవిలో పడుతుంది, పక్కనెవరో వెక్కిరిస్తున్నట్టు. దాన్నే ఎకో అంటారు. ఆ ఎకోను పట్టుకుని చెరిపేసే యంత్రం ఒకటి వాళ్ళ ఆఫీసులో తయారవుతోంది. దాని నమూనా ఈ కంప్యూటర్‌లోనే ఉంది, అది సరిగ్గా చెరుపుతోందా లేదా అని పరీక్షించే సాఫ్ట్‌వేర్ ఆదినారాయణ రాశాడు. నడికుడి ఎక్కడో ఆకాశం అవతల ఉన్నట్టు, అటూ ఇటూ పోయే ప్రతి మాటనూ పావు సెకను పట్టి ఉంచి వదలడం కూడా ఆ సాఫ్ట్‌వేర్ పనే.

ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వింటే ఏ చిక్కూ లేదు. చిక్కల్లా ఇద్దరూ ఒకేసారి మాట్లాడితేనే, దాన్ని డబుల్ టాక్ అంటారు. అప్పుడు ఏది ఎకోనో, ఏది అవతలి మనిషి గొంతో యంత్రం తేల్చుకోవాలి. ఆ పరీక్షకు మూడు నిమిషాల పాటు ఇద్దరు మనుషులు ఒకరి మాట ఒకరు వినకుండా, ఆగకుండా మాట్లాడాలి. వాళ్ళ ఆఫీసులో ఎంతమందితో ప్రయత్నించినా కుదరలేదట. చదువుకున్నవాళ్ళు కావడంతో, అవతలివాళ్ళు నోరు తెరవగానే "సారీ, మీరు చెప్పండి" అని ఆగిపోతున్నారట.

"అలా ఆగని మనుషులు కావాలి మొహిద్దీన్ గారూ. మీ ఎరుకలో ఉన్నారా?" అని అడిగాడు ఆదినారాయణ.

ఖాజాకు ఆలోచించాల్సిన పని లేకపోయింది. అతని ఇంటి పక్కనే మాణిక్యమ్మ ఉంటుంది. ఆమె తోడికోడలు గురవమ్మ నడికుడిలో ఉంటుంది. వాళ్ళ మొగుళ్ళు పెదకోటయ్య, పోలయ్య సొంత అన్నదమ్ములు, ఇద్దరూ నాపరాయి క్వారీల్లో పనిచేసేవాళ్ళే. తొమ్మిదేళ్ళ కిందట వేరుపడ్డప్పుడు అన్నీ సవ్యంగానే పంచుకున్నారు గానీ, బట్టలుతికే బండ ఒకటి ఎటూ తేలలేదు. అత్తగారు శేషమ్మ వేయించిన బండ అది. గురవమ్మ దాన్ని బండికెత్తించుకుని నడికుడి తీసుకుపోయింది. అప్పటినుంచి పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, ఒకసారి కదిలే రైల్లోనూ వాళ్ళు ఆ బండ గురించి పోట్లాడుకోవడం ఖాజా కళ్ళారా చూశాడు. ఒకరు ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే రెండోవారు ఆగినట్టు అతనికి గుర్తు లేదు.

ఆ సాయంత్రం మాణిక్యమ్మకు సంగతి చెబితే ఆమె చాలా నొచ్చుకుంది. తానేమన్నా పోట్లాటలకు పుట్టిన మనిషినా అని అడిగింది. పదిమందిలో మర్యాదగా బతుకుతున్నానంది. తర్వాత, ఎన్నింటికి రావాలో కనుక్కుంది.

మర్నాడు పదింటికి జరీ అంచు చీర కట్టుకుని ఎక్స్ఛేంజికి వచ్చింది. అటు నడికుడి పోస్టాఫీసులో లైన్‌మన్ షౌకత్ గురవమ్మను ఫోను దగ్గర కూర్చోబెట్టాడు. ఇద్దరి పేర్లూ ఖాజా ఫారంలో రాసి, మాణిక్యమ్మ చేత వేలిముద్ర వేయించాడు. ఆదినారాయణ మీట నొక్కి తలూపాడు.

"ఏమే గురవా, నా బండేదే?" అంది మాణిక్యమ్మ.

ఆపైన చెప్పేదేముంది. మూడు నిమిషాలడిగితే పదకొండు నిమిషాలు ఇచ్చారు. ఎక్స్ఛేంజిలో ఆపరేటర్లు పని మానేసి విన్నారు. ఆదినారాయణ ముఖం వెలిగిపోయింది. అతను జీవితంలో అంత నాణ్యమైన డబుల్ టాక్ వినలేదు.

కంప్యూటర్ కాసేపు గురగురలాడి ఒక కాగితం బయటికి తోసింది. అది చదివి ఆదినారాయణ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. మాచర్ల వైపు ఒక మనిషి, గొంతు స్పష్టం. నడికుడి వైపు మనుషులెవరూ లేరు. అటునుంచి వచ్చిందంతా ఎకో, మొత్తం చెరిపివేయడమైనది. అదీ అందులో ఉన్నది.

ఎందుకలా జరిగిందో అర్థం కావడానికి టేపు రెండుసార్లు వినాల్సి వచ్చింది. ఇద్దరూ పోట్లాట నేర్చింది అత్త శేషమ్మ దగ్గరే. అవే తిట్లు, అదే వరస, అదే రాగం. మాణిక్యమ్మ వెటకారంగా "నీ కడుపు చల్లగుండ" అన్న అర సెకనుకు అటునుంచి గురవమ్మ "నీ కడుపు చల్లగుండ" అంటోంది. ఒక్క మాట తేడా లేదు. యంత్రాన్ని తప్పుపట్టడానికి ఆదినారాయణకు మనసొప్పలేదు.

కానీ మాణిక్యమ్మ పక్కనే నిలబడి ఇదంతా వింది.

"అయితే అటు ఎవురూ లేరనా ఇది చెప్పేది?"

"దాని లెక్క ప్రకారం లేరమ్మా. మీ మాటే వెనక్కొచ్చిందని దాని ఉద్దేశం."

మాణిక్యమ్మ ఇంకేమీ అడక్కుండా ఇంటికి వెళ్ళింది. చీకటి పడేలోగా వీధి వీధంతటికీ తెలిసిపోయింది, గురవమ్మ అనే మనిషే లేదని సర్కారు కంప్యూటర్ కాగితం ఇచ్చిందని. తెల్లవారి మొదటి రైలుకు ఆ కబురు నడికుడి కూడా చేరింది.

రెండోరోజు పోస్టాఫీసు తలుపులు తీయకముందే గురవమ్మ మెట్ల మీద కూర్చుని ఉందని షౌకత్ ఫోన్ చేశాడు. చేతిలో రేషన్ కార్డు తెచ్చుకుందట. దాన్ని ఫోన్‌లోంచి కంప్యూటర్‌కు చూపించమంటోందట. అలా చూపించడం కుదరదని ఎంత చెప్పినా కదలడం లేదట. ఆదినారాయణ ఆలోచించి, చూపించలేకపోయినా చదివి వినిపించవచ్చు కదా అన్నాడు. ఒకరు తిట్టి ఇంకొకరు రేషన్ కార్డు చదివితే ఇద్దరి మాటలూ వేరువేరుగా ఉంటాయి, యంత్రానికి తేడా తెలుస్తుంది.

కబురు పెడితే మాణిక్యమ్మ వచ్చి తిట్టడం మొదలుపెట్టింది. అటు గురవమ్మ, షౌకత్ కార్డు చదివి అందిస్తుంటే, బిగ్గరగా తన పేరు, మొగుడి పేరు, ఇంటి నంబరు, పిల్లల వయసులు చెప్పసాగింది. కంప్యూటర్ తెర మీద మొదటిసారి రెండు గీతలు వేరువేరుగా కదిలాయి. ఆదినారాయణ ఖాజా భుజం పట్టుకున్నాడు.

రేషన్ కార్డు ఒక నిమిషానికే అయిపోయింది. తాను ఉన్నట్టు రుజువు ఇంకా చాలలేదనుకుందో ఏమో, గురవమ్మ ఇంట్లో ఉన్న వస్తువులన్నీ చెప్పడం మొదలుపెట్టింది. రెండు నులక మంచాలు. రోలు, రోకలి. ఒక గేదె, దాని పెయ్య. మూడు ఇత్తడి బిందెలు, ఒకటి సొట్టపోయింది. ఉతికే బండ, రెండు ముక్కలు, కొట్టం గుమ్మం కింద.

మాణిక్యమ్మ ఆగిపోయింది.

"ఆగొద్దమ్మా, ఆగొద్దు, ఇంకా నలభై సెకన్లు" అన్నాడు ఆదినారాయణ.

"ఉండబ్బాయ్" అని ఆమె రిసీవరు చెవికి గట్టిగా ఆనించుకుంది. "గురవా, బండ రెండు ముక్కలేంది?"

"పగిలింది. ఐదేళ్ళయింది. రాయి లోడు లారీ ఎనక్కొచ్చి ఎక్కింది."

"మరి నాకెందుకు చెప్పలా?"

"నువ్వు ఇయ్యమన్నావు గానీ అక్కా, ఉందా అని ఏనాడన్నా అడిగావా?"

మాణిక్యమ్మ స్టూలు మీద కూర్చుంది. లైను మీద రెండు వైపులా చప్పుడు లేదు. తొమ్మిదేళ్ళలో అలాంటిది చూసి ఎరగని ఖాజా బల్ల కిందికి వంగాడు. లైను తెగిందేమోనని తీగ తడిమి చూసుకున్నాడు. తెగలేదు.

తర్వాత మాణిక్యమ్మ మెల్లగా, లారీ ఎక్కినప్పుడు ఎవరికన్నా దెబ్బ తగిలిందా అని అడిగింది. పోలయ్య కాలి వేలు నలిగిందని గురవమ్మ చెప్పింది. ఇప్పుడెట్టా ఉతుకుతున్నావంటే, కాలవ గట్టున ఉతుకుతున్నానంది. ఒకరు అడగడం, అది వెళ్ళేదాకా ఓపిగ్గా ఉండటం, రెండోవారు చెప్పడం. ఇరవై నిమిషాలు అలాగే గడిచింది. ఇద్దరూ ఒక్కసారి కూడా ఒకేసారి నోరు తెరవలేదు. కంప్యూటర్ ఇచ్చిన కాగితంలో పరీక్షకు చాలిన మూడు నిమిషాల ముక్క ఒక్కటీ లేదు. ఆదినారాయణ తల పట్టుకుని కూర్చున్నాడు.

రేపు కూడా రావాలని ఖాజా బతిమాలితే మాణిక్యమ్మ రానంది. "దేని గురించి పోట్లాడమంటావురా? ఏదో ఒకటి ఉండొద్దా" అంది, విసుగ్గా, ఆ పగిలిన బండ అతను దాచిపెట్టినట్టు.

మూడోరోజు ఆదినారాయణ ఏమీ తినలేదు. పదకొండున్నరకు హైదరాబాదు నుంచి ట్రంకు కాల్ వచ్చింది. అతని పై అధికారి. మూడు రోజులుగా మాచర్లలో ఏం వెలగబెడుతున్నావని ఆయన మొదలుపెట్టాడు. ఆదినారాయణ నిలబడి సంజాయిషీ చెప్పుకోసాగాడు. ఆయన ఆగలేదు. ఇతనూ ఆగలేదు.

ఖాజా నాలుగు క్షణాలు విన్నాడు. తర్వాత వెళ్ళి ఆ లైను తెచ్చి కంప్యూటర్‌కు తగిలించి, రెండు రోజులుగా చూసి నేర్చుకున్న మీట నొక్కాడు.

దాంతో మాటలు పావు సెకను ఆలస్యంగా చేరడం మొదలైంది. ఆదినారాయణ "సార్" అన్నది ఆయన మాట మధ్యలో పడింది. ఎదురు చెబుతున్నావా అని ఆయన అరిచిన అరుపు ఇతని "కాదు సార్" మీద పడింది. కిందివాడు తన మాటకు అడ్డొస్తున్నాడని ఆయనకు ఒళ్ళు మండింది. అసలు విషయం చెప్పనివ్వడం లేదని ఇతనికి ఏడుపొచ్చింది. ఇద్దరి గొంతులూ పెరిగాయి. ఆదినారాయణ ఏదో అనబోతూ తెర వైపు చూశాడు. రెండు గీతలు, శుభ్రంగా, దేని దారిన అది. ఖాజా చేత్తో కానివ్వమని సైగ చేశాడు. అతను కానిచ్చాడు. ఆపేస్తే మూడు నిమిషాలు నిండవేమోనన్న భయంతో, చివర్లో తాను చేయని తప్పులు కూడా కొన్ని ఒప్పుకున్నాడు.

నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. రెండు గొంతులూ నిలిచాయి, ఎకో మొత్తం పోయింది. ఆదినారాయణ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని, మాట్లాడినవారి పేర్లంటూ తోడికోడళ్ళ పేర్లు, మాణిక్యమ్మ వేలిముద్ర ఉన్న పాత ఫారమే దానికి కుట్టి, కంప్యూటర్‌ను బొంతల్లో పెట్టుకుని సాయంత్రానికల్లా వెళ్ళిపోయాడు.

జూన్‌లో మాణిక్యమ్మ పేర హైదరాబాదు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే ఖాజా చదివి చెప్పాడు. పరీక్ష జయప్రదమైందట. ఎంతో ఓర్పుతో, మృదుభాషణతో సహకరించినందుకు శాఖ తరఫున కృతజ్ఞతలట. కింద ఆ పై అధికారి స్వయంగా సంతకం పెట్టాడు.

మాణిక్యమ్మ రెండోసారి కూడా చదివించుకుంది. పెదకోటయ్య క్వారీ నుంచి అప్పుడే వచ్చి, ఒంటి మీది రాతి దుమ్ము దులుపుకోకుండానే అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు.

"ఖాజా, ఇది మనకేనంటావా?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఎవురిదో మనింటికొచ్చిందేమో చూడు. పాపం, వాళ్ళు ఎదురుచూస్తా ఉంటారు."

మాణిక్యమ్మ అప్పటికే పటం కట్టేవాడి కొట్టు ఎక్కడుందో అడుగుతోంది. బస్టాండు వెనక అని చెప్పి, ఖాజా డ్యూటీకి సైకిలెక్కాడు.