ఎడమ పురి

చిలుకమ్మ గంపలోంచి ఉన్ని ఉండలు ఒక్కొక్కటే తీసి, తడిమి, పక్కన పెట్టింది. మళ్ళీ గంపలో వేసింది. మళ్ళీ తీసింది. కళ్ళకు శుక్లాలు కమ్మినప్పటి నుంచి ఆమెకు వేళ్ళే చూపు.

"తొమ్మిది లేవు," అంది.

వంటింటి గడపలో నిలబడ్డ కోడలు కల్పన చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టింది. ఆ తొమ్మిది ఉండలు ఎక్కడున్నాయో ఆమె ఒక్కదానికే తెలుసు. అదే జనగామలో, నాలుగు గల్లీల అవతల, లీలావతి గారి బీరువాలో స్వెట్టరై మడత పెట్టి ఉన్నాయి.

"మంచిగ చూసినవా అత్తమ్మా?" అంది కల్పన. అబద్ధాల్లో ఇదే మొదటిది. పైకి ప్రశ్నలా ఉంటుంది గనుక అబద్ధమని ఎవరూ అనరు.

అవి మామూలు ఉండలు కావు. బచ్చన్నపేట దగ్గరి ఊళ్ళో చిలుకమ్మ భర్త కట్టయ్య నలభై ఏళ్ళు మేపిన గొర్రెల మందకు ఆఖరి బొచ్చు. ఆయన పోయాక జీవాలను అమ్మేశారు. కత్తిరించిన బొచ్చు రెండు బస్తాలు మాత్రం చిలుకమ్మ తనతో కొడుకింటికి తెచ్చుకుంది. దాన్ని చిక్కు తీసి ఏకడానికి, రైలు గేటు వెనకాల ఉండే రామి రోజూ మధ్యాహ్నం వచ్చేది. ఇద్దరిదీ ఒకే ఊరు. రెండేళ్ళుగా రామి ఏకుతుంటే చిలుకమ్మ వడికింది. ఒక్క గొంగడికి సరిపడా దారం. కొడుకు నరేందర్ భుజం మీద తండ్రి మంద గొంగడి ఒకటి ఉండాలని ఆమె పంతం. ఒక్క ఉండ తగ్గినా గొంగడి కురచ అవుతుంది. ఎక్కడి నుంచి తెచ్చి కలుపుతారు? ఆ మంద ఇక లేదు.

ఈ ఇద్దరు ముసలమ్మల మధ్య కూర్చునే కల్పన కూడా వడకడం నేర్చుకుంది. అత్తది ఎడమచేతి వాటం. ఆమె చూపిస్తే కల్పన చేతికి ఎక్కలేదు. చివరికి రామే పక్కన కూర్చుని, వేలు పట్టుకుని నేర్పింది. కదురును తొడ మీద రాసి వదిలితే గిర్రున తిరుగుతూ, బొచ్చు దారమై వేళ్ళలోంచి జారుతుంటే కల్పనకు ఒంట్లో ఎక్కడో కితకితలు పెట్టినట్టుండేది. పొద్దున ఓ ప్రైవేటు బడి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, మూడింటికి ఇల్లు చేరి కదురు పట్టుకుంటే కూర మాడిపోయినా తెలిసేది కాదు. కూతురు వర్ష గ్రాఫు పుస్తకాల్లో ఒక గడికి ఒక అల్లిక లెక్కన డిజైన్లు గీసేది. కల్పన తాను సంతలో కొన్న బొచ్చుకు రంగు అద్దేది కాదు. నల్ల గొర్రె నలుపు, బూడిద గొర్రె బూడిద, ఎర్ర గొర్రె ఎరుపు. అవే చాలు.

ఒంటి పేట దారంతో ఒక తంటా ఉంది. దాని పురి, అంటే మెలి, ఊరుకోదు. అల్లిన బట్ట ఉతకగానే ఒక పక్కకు ఒరుగుతుంది. కల్పన దారం ఎప్పుడూ కుడికి ఒరిగేది. రెండేళ్ళు తిప్పలు పడి ఆమె ఓ ఉపాయం కనిపెట్టింది. ఎడమ అంచున వరసకో అల్లిక పెంచి, కుడి అంచున తగ్గించేది. ఉతికాక బట్ట నిటారుగా నిలబడేది. ఆ ఉపాయం మీద ఆమెకు ఎంత గర్వమో చెప్పనలవి కాదు.

ఆ గర్వమే కొంప ముంచింది.

లీలావతి పెద్దింటి మనిషి. భర్త నారాయణ ఒకప్పుడు సర్పంచ్. హైదరాబాదులో ఏదో మహిళా సంఘం మీటింగుకు వేసుకుపోవడానికి స్వెట్టర్ కావాలని అడిగింది. "మొత్తం నువ్వే వడికి అల్లుతవా కల్పనా?" అంటే, "దారం కొస కాడికెల్లి గుండీ దాకా అంత నేనే అక్కా," అనేసింది. తీరా చూస్తే చేతిలో ఉన్న దారం చేతులకూ మెడకూ వచ్చింది. ఛాతీ, వీపు ఉండే ఒంటి భాగానికి లేదు. గడువు పదిహేను రోజులు. నరేందర్ తల్లిని కంటి దవాఖానకు తీసుకుపోయిన రోజు, ఇల్లు ఖాళీగా ఉన్న ఆ గంటలో, కల్పన చెయ్యి అత్త గంపలోకి పోయింది. మళ్ళీ వడికి పెట్టేస్తాలే అనుకుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే.

రెండు ఉండలు వడికేలోపే చిలుకమ్మ లెక్క చూసింది.

మర్నాడు పొద్దున నల్లా దగ్గర గల్లీ ఆడవాళ్ళంతా బిందెలతో ఉన్నారు. రామి కూడా అక్కడికే వస్తుంది. చిలుకమ్మ కర్ర ఊతంతో అక్కడికి నడిచింది. వెనకాల కల్పన.

"రామీ, నీ సంచిల నా ఉండలు గిట్ట పడ్డయేమో చూస్కున్నవా?"

రామి నవ్వింది. "పడితే నడుచుకుంట నీ ఇంటికే వస్తయి తియ్యక్కా. నీ గొర్ల బొచ్చేనాయె."

"నవ్వులాట గాదు. తొమ్మిది లేవు. నా ఇంట్లకు వచ్చేదానివి నువ్వొక్కదానివే."

బిందెల చప్పుడు ఆగింది. ఎదురింటి సాయమ్మకు ఇలాంటివి పండగ. "గొంగడేసి కూసోబెట్టు చిలుకవ్వా, తేలిపోతది," అంది.

గొర్రెలు కాచే చిలుకమ్మ వాళ్ళలో గొంగడి మీద కూర్చున్న మనిషి అబద్ధం చెప్పకూడదు. అలాగని కూర్చోమని అడగడం చిన్న సంగతి కాదు. అడిగారంటే నమ్మకం పోయిందనే.

"కూసుంటవా?" అంది చిలుకమ్మ.

రామి ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు. "నలభై ఏండ్లు నీ జీవాల బొచ్చు ఏకిన. నన్ను గొంగడి మీద కూసోమంటవా? కూసోను. ఏం జేస్కుంటవో చేస్కో."

సగం నిండిన బిందె ఎత్తుకుని పోయింది. కూర్చోననడమే సాక్ష్యమైపోయింది. "చూసిన్రా?" అంది సాయమ్మ.

కల్పన అక్కడే ఉంది, అత్తకు రెండడుగుల దూరంలో. "నేనే తీసిన." రెండే రెండు మాటలు. గొంతు దాకా వచ్చాయి. సాయమ్మ ముఖం చూసి వెనక్కి పోయాయి. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో ఆ పొద్దున ఆమెకు తెలిసింది.

ఆ తర్వాత పదకొండు రోజులు కల్పన కదురు ముట్టలేదు. రామి నల్లా దగ్గరికి వస్తే సాయమ్మ తన బిందెలు కాలితో అవతలికి జరుపుకునేది. మిగతావాళ్ళు చూసి నేర్చుకున్నారు. మధ్యాహ్నాలు చిలుకమ్మ ఒక్కతే అరుగు మీద కూర్చుని వడికేది. ఏకిన బొచ్చు అయిపోయాక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. కల్పన చూసేది. చూసి వంటింట్లోకి పోయేది.

పన్నెండో రోజు లీలావతి వచ్చింది. చేతిలో సంచి.

"ఏందే కల్పనా గిది? ఒక్కసారి ఉతికిన. మెడ కాడ గుండీలు సక్కగనే ఉన్నయి, కిందికి వచ్చేసరికి తుంటి మీదికి పోయినయి. మీటింగుల ఒకామె గిది కొత్త ఫ్యాషనా అని అడిగింది. అవునన్న. ఇంకేమంట మరి?"

కల్పన స్వెట్టర్ విప్పి చూసింది. ఒంటి భాగం ఎడమకు గుంజుకుపోయి ఉంది. తను ఎప్పటిలాగే ఎడమన పెంచి, కుడిన తగ్గించింది. సరికావలసింది పోయి రెట్టింపైంది. ఎందుకో అర్థం కాలేదు.

"గిట్లియ్యి," అంది చిలుకమ్మ అరుగు మీది నుంచి.

ఇవ్వకుండా ఉండే దారి లేదు. ఇచ్చింది.

చిలుకమ్మ ముందు చేతులు తడిమింది. అక్కడ ఏమీ లేదు, కోడలి దారమే. తర్వాత ఒంటి భాగం మీదికి వేళ్ళు వచ్చాయి, ఆగాయి. కింది అంచున వేలాడుతున్న పోగు ఒకటి పట్టుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అటు దొర్లించింది. విడలేదు, బిగిసింది. ఇటు దొర్లించింది. విచ్చుకుంది. ఎడమచేత్తో తిప్పిన కదురు పురి అది. ఆ ఇంట్లో, ఆ గల్లీలో, అలా వడికేది ఒక్కతే ఒక్కతి.

కల్పన అత్త పెదవులకేసి చూసింది. ఇప్పుడంటుంది. లీలావతి ముందే అంటుంది.

"నాదే తప్పు బిడ్డా," అంది చిలుకమ్మ లీలావతితో. "కండ్లు ఆనుతలెవ్వు. నా ఉండలు తీస్కపోయి కోడలి గంపల ఏసిన. దానిది కుడి పురి, నాది ఎడమ పురి. దాని ఉపాయం నా దారానికి పని చెయ్యది. ఇడిచిపో, మంచిగ చేసిస్తది."

"గట్లనా? నేనింక కల్పనకే చాతకాలేదనుకున్న," అని నవ్వి లీలావతి వెళ్ళిపోయింది.

గేటు మూసుకున్న చప్పుడు. చిలుకమ్మ స్వెట్టర్‌ను ముక్కు దగ్గర పెట్టుకుంది. "మంద వాసన పోయింది. ఏం సబ్బేసి ఉతికిందో."

"అత్తమ్మా..." కల్పన కింద కూర్చుంది. "తప్పయింది. మళ్ళ వడికి పెడుదామనుకున్న."

"దారం సంగతి ఇడిచిపెట్టు. నా ఇంటి దారం నా కోడలు తీస్కుంటే దొంగతనమెట్లయితది? అడిగితే ఇస్తుంటి. కసిరి ఇస్తుంటి, గని ఇస్తుంటి." గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండుననిపించింది కల్పనకు. "నేను నల్లా కాడ రామిని అంటుంటే నువ్వు పక్కనే ఉంటివి. ఉంటివా లేదా?"

"ఉన్న."

"ఊకున్నవు."

చిలుకమ్మ స్వెట్టర్‌ను కోడలి ఒళ్ళో పెట్టి లోపలికి పోయింది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన నరేందర్ అంతా విని, ఆర్టీసీ ఖాకీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. "నలుగుర్ల ఎందుకు, ఇజ్జత్ పోతది. ఓ మంచి చీర కొనుక్కపోయి రామవ్వ కాళ్ళు మొక్కు. ఇంట్లనే అయిపోతది," అన్నాడు. కల్పనకు కావలసిన మాట అదే. అది కావలసి వచ్చినందుకు కూడా సిగ్గేసింది. అయినా చీర కొంది.

మరుసటి మధ్యాహ్నం రైలు గేటు దాటి రామి ఇంటికి వెళ్ళింది. రామి చాటలో బియ్యం చెరుగుతోంది. కూర్చోమనలేదు. కల్పన తలుపు దగ్గరికి వేసి, నిలబడే మొత్తం చెప్పింది. దవాఖాన రోజు, గంప, స్వెట్టర్, అత్త వేళ్ళు. రామి చాట ఆగలేదు. రాళ్ళు ఏరి పక్కన పెడుతూనే ఉంది.

"తలుపు ఎందుకేసినవ్?" అంది చివరికి.

కల్పన చీర సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"నన్ను దొంగ అన్ననాడు తలుపు లేకుండె." చాట కింద పెట్టింది. "మా కోడలు బీరువా తాళం చెవి కొంగుకు ముడేస్కుంటాంది. నా ముందటనే ముడేస్తది. దానికి నువ్వు పోయి చెప్తవా? నీ చీర కప్పుకుంటే గా ముడి విడుతదా? తీస్కపో. కదురు పట్టుడు నేర్పిన చెయ్యి గిది. ఏమన్నంటే నాకే పాపం తగుల్తది. పో బిడ్డా."

ఆ 'బిడ్డా' తిట్టు కంటే గట్టిగా తగిలింది.

తెల్లారి నల్లా దగ్గర ఎప్పటిలాగే గుంపు. రామి ఉంది. సాయమ్మ ఉంది. చిలుకమ్మ ఎవరూ పిలవకుండానే కర్ర పట్టుకుని వచ్చి ఓ పక్కన నిలబడింది. కల్పన బిందె నల్లా కింద పెట్టి, తల ఎత్తకుండా మొదలుపెట్టింది. మధ్యలో, తల ఎత్తాలని గుర్తొచ్చి ఎత్తింది.

"మా అత్తమ్మ ఉండలు రామవ్వ తియ్యలే. నేనే తీసిన. లీలావతక్క స్వెట్టరు అల్లిన. ఆనాడు గీడనే ఉండి చెప్పలే."

సాయమ్మ తన బిందె దగ్గరికి లాక్కుంది. "గట్లనా. ఇగ మేము బిందెలు నీ దిక్కెల్లి జరుపుకోవాలె మరి."

ఎవరో కిసుక్కుమన్నారు.

"జరుపుకో," అంది రామి. "పదమూడు రోజులు నా దిక్కెల్లి జరుపుకున్నవు గద. ఆమె చేసింది ఆమె చెప్పింది. నువ్వు చేసింది ఎవరు చెప్తరు సాయమ్మా?"

నవ్వు ఆగిపోయింది. చిలుకమ్మ గొంతు వినిపించింది. "రామీ, నా నోరు జారింది."

"జారలే అక్కా. కర్ర పట్టుకోని, గింత దూరం నడిచొచ్చి అన్నవు. జారితే ఇంట్లనే జారు." రామి ఆమె దగ్గరికి వెళ్ళింది. "పోగు పట్టుకోని ఎవరిదో చెప్పినవంట. నలభై ఏండ్లు నా చెయ్యి పట్టుకోని బస్సెక్కినవు, దిగినవు. గా చెయ్యి ఎసోంటిదో..."

రామి బిందె నడుమున పెట్టుకుని వెళ్ళిపోయింది. చిలుకమ్మ చెయ్యి అటువైపు చాచి ఉంది. కల్పన చప్పున తన భుజం అందించింది. ఆ చెయ్యి కాసేపు గాలిలోనే ఉండి, భుజాన్ని తాకకుండా కర్ర మీదికి దిగింది. కర్ర టకటకలాడిస్తూ ఆమె ఇంటి వైపు ఒక్కతే నడిచింది.

తను తీసింది తొమ్మిది ఉండలే అనుకుంది కల్పన ఇన్నాళ్ళూ. అరుగు మీద రామి లేకుండా ఇక ఎన్ని మధ్యాహ్నాలు ఆ ముసలమ్మ ఒక్కతే కూర్చుంటుందో ఆమె లెక్కలో లేదు.

"నీళ్ళు పోతున్నయి. బిందె తియ్యి," అన్నారు వెనక నుంచి.

ఎవరన్నారో తెలియలేదు. పేరు పెట్టి పిలవలేదు. కల్పన వంగి బిందె తీసింది.