అన్న దాచిన వగరు

నేలమాళిగలోకి నడుం లోతు నీళ్ళొచ్చిన వరద తర్వాతి ఏడాది అది.

అన్న పోయి అప్పటికి చాలా కాలమైంది. ద్రాక్షతోట అమ్మేశాం. ఇంటి కింద నేలమాళిగ, అందులో నాలుగు వైన్ పీపాలు, ఒక వెనిగర్ పీపా, వదిన, నేను మిగిలాం. పక్క తోటల వాళ్ళ దగ్గర వైన్ కొని, సీసాలకెత్తి అమ్ముకునేవాళ్ళం. వరద నీళ్ళు వెనక గోడ అరల్ని పడదోశాయి. వాటిని మళ్ళీ లేపే ఓపిక లేక అలాగే వదిలేశాను. అన్న సొంతంగా చేసి ఆ అరల్లో దాచిన ఎర్ర వైన్ సీసాల్లో ఒక్కటే పగలకుండా బురదలోంచి బయటపడింది. దాన్ని తుడిచి పీపాల పక్కన పడుకోబెట్టాను.

ఆ వైన్ చేసిన ఏడాది వానల్లేవు. పళ్ళు చిన్నవి, తోలు మందం. నోట్లో పోసుకుంటే వగరుకి నాలుక అంగిలికి అంటుకుపోయేది. కొనడానికి వచ్చినవాళ్ళు ఉమ్మేసి నవ్వారు. "కొన్నేళ్ళు ఆగాలి దీనికి, వగరు మెత్తబడుతుంది" అన్నాడు అన్న. వదిన అందరి ముందూ "వెనిగర్‌కి తప్ప ఎందుకూ పనికిరాదు" అనేసింది. అన్న మొహం ముడుచుకుని సీసాలన్నీ వెనక అరల్లో పెట్టాడు. బతికున్నన్నాళ్ళూ ఒక్కటీ తెరవలేదు, తెరవనివ్వలేదు. ఆ మాట మీద ఇద్దరూ ఎన్నిసార్లు పోట్లాడుకున్నారో. అది తేలకుండానే ఆయన పోయాడు.

ఒక రోజు ఆ సీసా మెడ తడిమితే వేలికి జిగురు తగిలింది. బిరడా చెమరుస్తోంది. వదినతో చెప్పాను.

"చెమరిస్తే?"

"ఇక ఆగదు."

"ఆగకపోతే తెరువు. మీ అన్న గొప్పా, నా నోటిదురుసు గొప్పా, తేలిపోద్ది."

నవ్వుతూనే అంది గానీ, చేతిలో గుడ్డను నలిపేస్తోంది. ఒక్కటే చిక్కు. వరద తర్వాత వచ్చిన జ్వరం వదిన ముక్కును తీసుకుపోయింది. వాసన తెలియదు, దాంతో రుచీ పోయింది. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొట్టినా ఆమెకు పట్టదు.

"పక్కింటి పీపాల మేస్త్రీని పిలవనా, చెప్పడానికి?" అన్నాను.

"వాడా? వాడికి కుళాయి నీళ్ళిచ్చినా ఆహా అంటాడు. నువ్వే చెప్పు. నువ్వు పొగిడే రకం కాదు. పొగడాలంటే నోరు తెరవాలిగా మూగయ్యా!"

మా ఇంట్లో పోసేవాడే ముందు రుచి చూడాలి. అన్న ఉన్నప్పటి నుంచీ పోసేది నేను. రుచి చూసి "బాగుంది" అంటాను, లేకపోతే "పోయింది" అంటాను. పోయిందంటే వెనిగర్ పీపాలోకే. మూడో మాట నా నోట వచ్చింది లేదు.

మడ్డి అడుక్కి దిగాలని సీసాను ఒక రోజంతా నిలబెట్టి ఉంచాను. మర్నాడు మధ్యాహ్నం వంటింట్లో కిటికీ మూసి కొవ్వొత్తి వెలిగించాను. బిరడా నానిపోయి సగంలో తెగింది. మిగతా సగంలోకి స్క్రూ ఏటవాలుగా దించి మెల్లగా లాగాను. నడుం పీకుతోంది. కొవ్వొత్తి వెలుగు సీసా మెడలోంచి కనపడేట్టు పట్టుకుని, గాజు కూజాలోకి సన్నటి ధారగా వంచాను. మెడలోకి నల్లగా మడ్డి రాగానే ఆపాను.

"ఇంతసేపా?" అంది వదిన.

"తొందరపడితే మడ్డి కదులుతుంది."

"ముసలాడివైపోయావు మరిదీ."

"నువ్వింకా పెళ్ళికూతురివి మరి."

వైన్ ఇటుక రంగులో ఉంది. గ్లాసులో కొంచెం పోసుకుని వాసన చూశాను. తడి చెక్క తప్ప ఏమీ లేదు. పోయిందనుకున్నాను. బాగా అలిసి పడుకున్న మనిషిని లేపితే కాసేపు ఎవరినీ పోల్చుకోలేడు, అలా ఉంది. గ్లాసు తిప్పుతూ కూర్చున్నాను. వదిన నా మొహమే చూస్తోంది.

అప్పుడు లేచింది అది. ఒక్కొక్క వాసనే బయటికొచ్చింది. నోట్లో పోసుకుంటే వగరన్నది లేదు. మింగేశాక కూడా రుచి చాలాసేపు ఉండిపోయింది.

ఇంత పాత వైన్ తెరిచాక ఎక్కువసేపు నిలవదు. చెప్పేదేదో అప్పుడే చెప్పాలి. "బాగుంది" అనబోయి ఆగాను. రోజూ అమ్మే సరుక్కీ అదే మాట అంటున్నాను. అన్నకు అది చాలదనిపించింది.

"ఎండిన గులాబీలు వదినా. పాత తోలు సంచీ. వాన వెలిశాక తోటలో కాళ్ళ కింద ఆకులుంటాయి చూడు, ఆ వాసన. చివర్లో ఎక్కడో కాస్త పండు తీపి." నాకు చెమట పట్టింది. "మెత్తగా ఉంది. అన్న చెప్పినట్టే అయింది."

వదిన మొహం వాడిపోయింది.

"పోయిందన్నమాట."

"కాదు..."

"నాకు తెలీదా? ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి నీ నోట ఇన్ని మాటలు ఒక్కసారి విన్నానా? మీ అన్న పోయిన రోజు కూడా నోరు విప్పలేదు. ఇవాళ గులాబీలట! నేను బాధపడతానని కోతలు కోస్తున్నావు."

"ఒట్టు వదినా."

"ఒట్లు కూడానా! ఇక అసలు నమ్మను. పోన్లే. నేనన్నదే నిజమైంది." గెలిచిన మనిషి గొంతు కాదది. "తీసుకెళ్ళి వెనిగర్ పీపాలో పొయ్యి."

వాదించడం నాకు చేతకాదు. ఓపికా లేదు. గ్లాసు జేబులో వేసుకుని, కూజా పట్టుకుని నేలమాళిగ మెట్లు దిగాను. వదిన కొవ్వొత్తి పట్టుకుని వెనకే వచ్చింది. వెనిగర్ పీపా మూత తీశాను. ఘాటు కళ్ళలోకి కొట్టింది. చెడిపోయినదాన్ని అందులో పోయడానికి నేనెప్పుడూ వెనకాడలేదు. కూజా ఎత్తాను. చెయ్యి వంగలేదు.

"పొయ్యి మరి."

మళ్ళీ ఎత్తాను. వంగలేదు. కూజాను నేల మీద పెట్టి మెట్టు మీద కూలబడ్డాను.

"నా వల్ల కాదు. కావాలంటే నువ్వే పొయ్యి."

వదిన కొవ్వొత్తిని నా మొహం దగ్గరికి తెచ్చి, మడ్డి కోసం సీసా మెడ చూసినట్టు చూసింది. తర్వాత మోకాళ్ళు పట్టుకుని నా పక్కన చతికిలబడింది.

"ఆ గ్లాసేదీ?"

పోసిచ్చాను. నోట్లో ఉంచుకుని చాలాసేపటికి మింగింది.

"ఏమీ తెలియట్లేదు" అంది. ఇంకో గుక్క తాగింది. నాలుకను అంగిలికి రాసుకుని చూసుకుంది. మళ్ళీ రాసుకుంది.

"గీరట్లేదు మరిదీ."

"ఊఁ."

"ఆ రోజు నోరంతా గీరుకుపోయింది. ఇప్పుడు పట్టుగుడ్డలా జారిపోతోంది." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పెద్దమనిషి! బతికుండగా ఒక్క సీసా తెరిచి నా మొహాన కొట్టొచ్చుగా!"

"ఇంకా టైముందనుకున్నాడు."

"అనుకుంటాడు, అనుకుంటాడు." గ్లాసు నాకిచ్చింది. "మళ్ళీ చెప్పు. గులాబీలన్నావే."

చెప్పాను. కూజా అయ్యేలోపు గులాబీలు పోయాయి, తడి ఆకులే మిగిలాయి. అదీ చెప్పాను.

మర్నాడు పొద్దున్నే నేలమాళిగలోకి దిగాను. పడిపోయిన అరల్లో ఒకదాన్ని లేపి గోడకు ఆనించాను. దానికే ఆయాసం వచ్చింది. నాలుగు పీపాల్లోనూ రుచి చూసి, నాలుక పీక్కుపోయేంత వగరున్నదాన్ని సీసాలకెత్తాను. మేమిద్దరం అది తాగేదాకా ఉండం. బిరడాలు గట్టిగా కొట్టి, సీసాల్ని ఒక్కొక్కటే వెనక అరలో పడుకోబెట్టాను.