ఆఖరి నట్టు

శుక్రవారం జుమా నమాజు ముగించుకుని తహీర్ వచ్చేసరికి షెడ్డు ఖాళీగా ఉంది. నేల మీద నాలుగు నిమ్మకాయలు నలిగి పడి ఉన్నాయి. వాటి మధ్య ఉండాల్సిన మస్టాంగ్ కారు లేదు.

"బండి యాడికి పొయిందక్కా?" ఎదురుగా టీ కొట్టు కామమ్మను కేకేశాడు.

"కావలి సారు ముందే వచ్చేసినాడబ్బయా. నీ కోసం కాసేపు చూసినారు. ఇంక కృష్ణే నట్టు బిగిపించి, నిమ్మకాయలు తొక్కించినాడు. పోర్టు రోడ్డులో ఒక రౌండు కొట్టొస్తామని ఇద్దరూ ఇప్పుడే పొయినారు. అబ్బా, ఏం సౌండది! నా గ్లాసులన్నీ వణికినాయి."

"ఏ నట్టు బిగిపించినాడు?"

"ఎప్పుడూ బిగిపిస్తారే, బ్యాటరీది."

తహీర్ ఫోన్ కోసం జేబు తడుముకున్నాడు.

అది అతని ఉస్తాదు దరియావలి పెట్టిన ఆనవాయితీ. ఎంత పెద్ద పనైనా సరే, బండిలో ఒక్క నట్టు మాత్రం వేళ్లతో తిప్పి వదిలేయాలి. బండి తీసుకునే మనిషి వచ్చాక స్పానరు అతని చేతికిచ్చి, ఆ ఆఖరి నట్టు అతని చేతే బిగించాలి. అప్పుడే బండి అతనిదైనట్టు. వెంకటాచలం హైవే పక్కన తహీర్ షెడ్డు నుంచి ఏ బండీ ఇంకోలా బయటికి పోలేదు. ఎప్పుడూ వదిలేది బ్యాటరీ క్లాంపు నట్టే. అది వదులైనా ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు.

ఈ ఒక్క బండి దగ్గర తహీర్ బుద్ధి మారింది. చెన్నైలో మూతపడ్డ ఒక స్టూడియో వెనక, సీట్లలో కోళ్లు గుడ్లు పెడుతుండగా దొరికిన అరవై తొమ్మిది నాటి అమెరికా కారు అది. తుప్పు కోసి కొత్త రేకు అతికించాడు. ఇంజను మొత్తం విప్పి మళ్లీ కూర్చాడు. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టాడు. అన్నిటికన్నా కష్టమైంది ఎడమ పక్కనున్న స్టీరింగును కుడి పక్కకు మార్చడం. పని పూర్తయ్యాక తన చేతులు చూసుకుని తనే మురిసిపోయాడు. ఇంత బండికి బ్యాటరీ నట్టేమిటి అనిపించింది. స్టీరింగు రాడ్డు జాయింటును పట్టి ఉంచే నట్టును వేళ్లతో తిప్పి వదిలాడు. ఆ సంగతి కృష్ణకు చెప్పేలోపు అజాన్ వినపడింది.

బండి అదురుకు ఆ నట్టు వెనక్కి తిరుగుతూనే ఉంటుంది. అది రాలి జాయింటు జారిందంటే, స్టీరింగు బొమ్మ కారులో ఉన్నట్టు చేతిలో ఊరికే తిరుగుతుంది. చక్రాలు పక్కకు తిరగవు. లోపల ఇద్దరున్నారు. కొనడానికొచ్చిన కావలి రొయ్యల మేత వ్యాపారి హెబ్రోను. షెడ్డుకు తన పొలంలో చోటిచ్చి, బండిలో భాగం పెట్టిన స్నేహితుడు పెంచలకృష్ణ.

కృష్ణకు ఫోన్ కొట్టాడు. షెడ్డులోనే, బెంచీ మీద మోగింది. హెబ్రోనుకు కొట్టాడు. మోగి మోగి ఆగిపోయింది. ఎలా వినపడుతుంది? ఊరంతా వినపడేలా సైలెన్సరు మార్చింది తనే కదా!

బైకు ఎక్కాడు.

పోర్టు రోడ్డు చాలా దూరం తిన్నగా పోతుంది. తిన్నగా ఉన్నంతసేపూ భయం లేదు. ముత్తుకూరు దాటాక ఉప్పుటేరు పక్కన రోడ్డు ఒక్కసారిగా ఎడమకు తిరుగుతుంది. ఆ మలుపులో స్టీరింగు పనిచేయకపోతే కారు ఏట్లోకే. తహీర్ బైకు ఎంత లాగినా మస్టాంగును అందుకోలేడు. ఆ సంగతి అతనికి తెలుసు. ఆ ఇంజను కూర్చింది అతనే.

అప్పుడు గుర్తొచ్చాడు ఏసుమణి. కృష్ణపట్నం కరెంటు ప్లాంటు నుంచి బూడిద ట్యాంకరు తోలతాడు. పగలంతా ఈ రోడ్డు మీదే ఉంటాడు. అతనికి ఫోన్ కొట్టి హెల్మెట్టులోకి దోపుకున్నాడు.

"మణి అన్నా, యాడుండావ్?"

"ముత్తుకూరు కాడ. ఖాళీ బండితో ప్లాంటుకి పోతుండా. ఏంది, గాలి హోరుమంటా ఉండాది?"

"పాత కారు, నీలం రంగుది, కనిపించిందా?"

"నా వెనకాలే ఉండాడబ్బయా. లైట్లు కొడతా, హారన్ కొడతా ప్రాణం తీస్తా ఉండాడు. ఎవురు వాడు?"

"ఆపన్నా వాన్ని! స్టీరింగు నట్టు వదులుగా ఉండాది. కానీ అడ్డం పెట్టబాక. వాడు బండి పక్కకి కోసినాడంటే అయిపోయినట్టే. తిన్నంగా పోతా పోతానే మెల్లిగా తగ్గించు."

"పక్క లైన్లో దూరి పోడా?"

"నీ పక్కన ఇంకెవురన్నా ఉండారా?"

"చిన్నపోలయ్య ట్యాంకరు వస్తా ఉండాది. ఉండు, వానికి చెప్తా."

ఫోన్ కట్టయింది. ముత్తుకూరు బజారు తహీర్ పక్కనుంచి రంగుల గీతలా వెనక్కి పోయింది. ఊరు దాటి రోడ్డు తెరుచుకోగానే చూశాడు. రెండు ట్యాంకర్లు పక్కపక్కనే, రోడ్డంతా తమదే అన్నట్టు నడుస్తున్నాయి. వాటి వెనక నీలం మస్టాంగ్. అన్నిటికీ ఎదురుగా, ఎండలో మెరుస్తూ ఉప్పుటేరు.

ట్యాంకర్లు వేగం తగ్గిస్తున్నాయి. హెబ్రోను హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. తహీర్ గట్టిగా అరిచాడు. ఆ ఇంజను మోత ముందు అతని అరుపు అతనికే వినపడలేదు.

ఎడమ ట్యాంకరు పక్కన, తారు రోడ్డు అంచు దాటాక మట్టి దారి ఉంది. కారు పట్టేంత. తహీర్ దాన్ని చూసిన క్షణానే హెబ్రోను కూడా చూసినట్టున్నాడు. మస్టాంగ్ ఎడమ లైటు మినుకుమినుకుమంది.

"వద్దు సార్... వద్దు..."

స్టీరింగు ఎడమకు తిరగడం వెనక అద్దంలోంచి తహీర్‌కు స్పష్టంగా కనిపించింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. హెబ్రోను మోచేతులు పైకి లేచాయి.

కారు తిరగలేదు. తిన్నగా పోయింది.

బ్రేకు లైట్లు ఎర్రగా వెలిగాయి. అప్పటికి మనిషి పరుగెత్తేంత వేగమే ఉంది. కొత్త డిస్కులు పట్టేశాయి. మస్టాంగ్ ముక్కు ఏసుమణి ట్యాంకరు వెనక బంపరును ముద్దుపెట్టుకున్నట్టు తాకి ఆగింది. మలుపు బోర్డు ఎదురుగానే ఉంది.

తహీర్ బైకు పడేసి పరుగెత్తాడు. హెబ్రోను ఇంకా స్టీరింగు పట్టుకునే ఉన్నాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. కృష్ణ తలుపు తీసుకుని దిగి, రోడ్డు మీదే కూలబడ్డాడు.

"నట్టు బిగిపించినా కదరా!" అన్నాడు కృష్ణ, ఏడుపు గొంతుతో. "చూస్తే అప్పుటికే బిగించుండాది. నువ్వు మర్చిపోయినావేమోనని నేనే వదులు చేసి, సారు చేత మళ్లా బిగిపించినా!"

"నేను ఇంకోటి వదిలినా, కృష్ణా. స్టీరింగుది. నీకు చెప్పలేదు."

హెబ్రోను దిగాడు. నేరుగా వచ్చి తహీర్ చొక్కా పట్టుకున్నాడు. "స్టీరింగు నట్టు వదులుతావా? ఎవురు నేర్పించినాడు నీకు ఈ పని?"

"మా ఉస్తాదు సార్."

"మీ ఉస్తాదు ఇట్టా ఎంతమందిని చంపినాడు?"

"ఎవర్నీ లేదు సార్. ఆయన బ్యాటరీ నట్టే వదిలేవాడు. శుక్రవారం బండి అప్పగించేవాడు కాదు. రెండూ నేను చేసిన తప్పులే. ఈ బండి మీకొద్దు, వదిలేసి పొండి. మిమ్మల్ని నేనే ఇంటికాడ దింపేస్తా."

హెబ్రోను చొక్కా వదిలాడు. ట్యాంకరు దిగి వచ్చిన ఏసుమణి నీళ్ల సీసా ఇస్తే సగం తాగి, మిగతాది నెత్తిన పోసుకున్నాడు.

తహీర్ బానెట్ ఎత్తాడు. జాయింటు రాడ్డు నుంచి జారి పక్కకు వేలాడుతోంది. దాని బోల్టు రాలి, కిందున్న ఇనుప చట్రంలో ఇరుక్కుని ఉంది. నట్టు లేదు. బైకు పెట్టెలోంచి కొత్త నట్టు తీశాడు. జాయింటు ఎక్కించి, బోల్టు దూర్చి, నట్టు వేళ్లతో తిప్పి, అలవాటు కొద్దీ స్పానరు వెనక్కి చాపాడు.

"నాకెందుకయ్యా అది?" అన్నాడు హెబ్రోను. "నువ్వే బిగించు. నేను చూస్తా."

తహీర్ బిగించాడు. బరువంతా వేసి మళ్లీ బిగించాడు. హెబ్రోను తన చేత్తో ఊపి చూశాడు.

"ఇంకేమన్నా వదిలినావా?"

"లేదు సార్."

"అయితే ఎక్కు."

"యాడికి సార్?"

"కావలికి, ముందు ఈ మలుపు తిరిగొచ్చి. నా పక్కన కూర్చో. బండి నేను తోలతా. మలుపు వచ్చినప్పుడల్లా నీ మొహం చూస్తా. నీ మొహంలో భయం కనపడిందంటే బేరం అక్కడే ఆగిపోతాది."

కృష్ణ బైకు లేపి నిలబెట్టాడు. ట్యాంకర్లు కదిలి దారి ఇచ్చాయి. ఇంజను గర్జించింది. ఎడమ మలుపు దగ్గరపడుతుంటే హెబ్రోను నిజంగానే తల తిప్పి తహీర్ కళ్లలోకి చూశాడు.

తహీర్ ఊపిరి బిగబట్టాడు, కానీ రెప్ప వేయలేదు.

"రోడ్డు చూడండి సార్," అన్నాడు.

మస్టాంగ్ ఏటిని కుడి పక్కన వదిలేసి, మలుపు తిరిగింది.