మా ఇంటి వేళ్ళ గుర్తులు

నాకు నోరెక్కువని జనగామ మార్కెట్టంతా తెలుసు. పల్లికాయ బండెక్కి నేను అరిస్తే రైలు గేటు దాకా వినిపిస్తుందనేవాళ్ళు. అట్లాంటి నోరు పెట్టుకుని, తమ్ముడి కోసం తెరవాల్సిన ఒక్క చోట అబద్ధమాడాను. ఆ సంగతి చెబుతాను. మధ్యలో ఓదార్చబోకండి, నాకు ఒళ్ళు మండుతుంది.

మాది అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన పల్లికాయ, కందులు బేరమాడి కొనేవాళ్ళం. బాపు బేరానికి కూర్చుంటే ఒక పక్క నేను, ఒక పక్క తమ్ముడు దయాకర్. నోటితో ఎన్ని మాట్లాడినా, అసలు ఎంత వరకు పోవాలో, ఎక్కడ ఆగాలో తువ్వాల కింద ఒకరి వేళ్ళు ఒకరం నొక్కి చెప్పుకునేవాళ్ళం. చూపుడు వేలు నొక్కితే అవును, బొటనవేలు నొక్కితే వద్దు, కణుపులు అంకెలు. ఏ దుకాణం గుర్తులు ఆ దుకాణానివి. "పానం పోయినా గివి బయటపెట్టద్దు బిడ్డా, ఇంట్ల ఆడోళ్ళకు సుత చెప్పద్దు" అని బాపు మా ఇద్దరి చేత ఒట్టు వేయించుకున్నాడు.

అరవై తొమ్మిదిలో దయాకర్ పీయూసీ చదువుతున్నాడు. తెలంగాణ కావాలని రైలు పట్టాల మీద కూర్చున్న పిల్లలతో పాటు వాణ్ణీ పోలీసులు పట్టుకుపోయారు. మూడు రోజులకు వదిలారు. తల మీద దెబ్బలు మానాయి గానీ మనిషి మానలేదు. ముందు నిద్ర పోయింది. తర్వాత గోడలతో గొణగడం మొదలైంది. బాపు పోయాక ఆ గొణుగుడూ ఆగిపోయింది. రెండేళ్ళు నోట ఒక్క మాట లేదు. అమ్మ కమలమ్మ వాణ్ణి తిప్పని గుడి లేదు, కట్టించని తాయెత్తు లేదు.

ఒక మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "తింటవా, తినవా? చెప్పవేందిరా!" అని చెయ్యి పట్టి గుంజాను. నా బొటనవేలు నొక్కాడు. వద్దు! తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీద కప్పాను. అలవాటు మరి.

"తల నొస్తున్నాదిరా?" అవును.

"ఎవలన్న కనబడుతున్నరా?" అవును.

"ఎంతమంది?" ముగ్గురు.

నేను బస్తాల వెనక్కి పోయి ఏడ్చాను. ఆ రోజు నుంచి రోజూ మాట్లాడుకునేవాళ్ళం. ఏ కూర కావాలో చెప్పేవాడు, ఎప్పుడు భయమేస్తోందో చెప్పేవాడు, బేరంలో పక్కన కూర్చుంటే ధర కూడా నొక్కి చెప్పేవాడు. అమ్మకు గానీ, నా భార్య కళావతికి గానీ నేను ఆ ముక్క చెప్పలేదు. ఒట్టు కదా! తల్లి కొడుకు మాట కోసం రాళ్ళకు మొక్కుతుంటే చూస్తూ ఊరుకున్న మొనగాణ్ణి నేను.

డెబ్బై మూడు వేసవిలో ఒక పోలీసు జవాను కందిపప్పు కోసం వచ్చి లాఠీ బస్తా మీద పెట్టాడు. దయాకర్ కిలో రాయి తీసి వాడి నొసట కొట్టాడు. రక్తం కారింది. "కేసు పెట్టాల్నా, పిచ్చి దవాఖానకు తోలిస్తవా? నీ ఇష్టం సేటూ" అన్నాడు ఎస్సై. జైలు కన్నా దవాఖాన నయమనుకున్నాను. దానికి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలన్నారు.

కోర్టుకు సగం మార్కెట్టు వచ్చింది. ముందు బల్ల మీద మా ఎదుటి దుకాణం కృష్ణమూర్తి కూర్చున్నాడు. పదేళ్ళుగా మా గుర్తులు పసిగట్టాలని కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నవాడు.

మేజిస్ట్రేటు కోస్తా మనిషి, తొందర లేనివాడు. "నిన్ను ఎక్కడికి పంపమంటున్నారో తెలుసా బాబూ? వెళ్ళడం నీకిష్టమేనా?" అని దయాకర్‌ను అడిగాడు. వాడు పలకలేదు. అప్పుడు నా వైపు తిరిగాడు. "ఇతనికి మాటలు అర్థమవుతాయా? సైగలతోనైనా జవాబు చెప్పగలడా? చెప్పగలిగితే మాత్రం అతని మాట తెలుసుకోకుండా నేను సంతకం పెట్టను."

నా ముంజేతి మీద తువ్వాల వేలాడుతోంది. దాని కిందికి దయాకర్ చెయ్యి వచ్చింది. నా బొటనవేలు వెతికి నొక్కాడు. వద్దు. మళ్ళీ నొక్కాడు. గోరు దిగేలా మళ్ళీ నొక్కాడు.

నేను కృష్ణమూర్తిని చూశాను. మెడ చాచి మా చేతుల వైపే చూస్తున్నాడు. ఇక్కడ నోరు విప్పితే రేపటి నుంచి మా ధర మాకన్నా ముందు వాడికి తెలుస్తుంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"వానికేం సమజ్ కాదు దొరా. సైగలు గిట్ల ఏం లెవ్వు" అన్నాను.

రెండు నెలలు మందులు తింటే బాగవుతాడులే అని మనసుకు సర్ది చెప్పుకున్నాను. రెండు నెలలు తొమ్మిదేళ్ళయ్యాయి.

ఆ దవాఖాన సగం రోజు రైలు ప్రయాణం. మొదటిసారి పోయేసరికి వాడికి గుండు కొట్టించి, నంబరు చొక్కా తొడిగారు. ఇనుప కటకటాల గదిలో పాతికమంది, మూలన ఒకే బకెట్. కటకటాల సందులోంచి చెయ్యి అందించాను. వాడు తన చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు. ఎన్నిసార్లు పోయినా అంతే. నెలనెలా పోయేవాణ్ణి పండుగకు పోవడం, తర్వాత ఏడాదికోసారి పోవడం మొదలుపెట్టాను. "తమ్ముడెట్లున్నడు?" అని అమ్మ అడిగితే మంచిగున్నాడని చెప్పేవాణ్ణి.

ఎనభై రెండులో సరస్వతి అనే కొత్త డాక్టరు ఉత్తరం రాసింది. మీ తమ్ముడు మాట్లాడుతున్నాడు, రమ్మని. అమ్మ ఇల్లంతా అలికించింది. "గీసారి తోల్కనే రావాలె" అంది.

పోయి చూస్తే కటకటాల తలుపు తీసి ఉంది. నంబరు చొక్కాలు లేవు. దయాకర్ సొంత చొక్కా తొడుక్కుని మగ్గం మీద దుప్పటి నేస్తున్నాడు. జుట్టు సగం నెరిసింది. డాక్టరమ్మ ఆ దవాఖానకు వచ్చీ రాగానే కటకటాలు తెరిపించి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నీకేం కావాలని అడిగిందట. ఏడాది పాటు రోజూ అడిగితే వీడు నోరు తెరిచాడట.

"మా వాణ్ణి తోల్కపోతా. సంతకం యాడ పెట్టాలె?" అన్నాను.

"ముందు ఆయన్ని అడగండి" అంది డాక్టరమ్మ.

"వాణ్ణి అడిగేదేంది డాక్టరమ్మా? నేను అన్నను!"

ఆమె పాత కోర్టు కాగితం తీసి చదివింది. "మాటలు అర్థం కావు, ఏ విధంగానూ జవాబు చెప్పలేడు. అన్న వాంగ్మూలం." తల ఎత్తి, "అప్పుడూ ఆయన ఇష్టమేంటో తెలుసుకోలేదు" అంది.

దయాకర్ మగ్గం ఆపి వచ్చాడు. గొంతు బొంగురుగా ఉంది. పదమూడేళ్ళ కింద విన్న గొంతు కాదు.

"నేను రాను."

"ఏందిరా గట్లంటవ్? అమ్మ ఎదురుచూస్తున్నది! గదికి సున్నం వేయించినం, కళావతి..."

"అన్నా, మల్ల ఎప్పుడన్న నా మాట బంద్ అయితే, నా దిక్కు ఎవలు చెప్తరు? నువ్వా?"

కోపంగా కూడా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

డాక్టరమ్మ నా ముందు కాగితం, కలం పెట్టింది. బంధువుగా మీరు చెప్పదలిచింది రాయండి అంది. నా తమ్ముడికి అన్నీ అర్థమవుతాయి, ఆ రోజు పోనని నాకు చెప్పాడు, నేను దాచాను అని రాశాను. దయాకర్ ఆ కాగితం తీసుకుని వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు.

"గీ రెండు ముక్కలే గదన్నా" అన్నాడు. "అప్పుడు చెప్తే అయిపోతుండె."

కాగితం డాక్టరమ్మకిచ్చి, పోయి మగ్గం ముందు కూర్చున్నాడు.